ఎర్ర పీలిక కట్టిన చీపురు

మా వదిన చీపురు పట్టుకుని వస్తోందంటే ప్లాట్‌ఫారం బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే కాళ్ళు పైకెత్తేవారు. వీలుంటే ఆగి ఉన్న రైలును కూడా కాళ్ళెత్తమనే మనిషి. నేను అదే స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఆమె మా అన్నయ్య భార్య, స్టేషన్ ఊడ్చే పని ఆమెది. ఇంట్లోనూ ఎదురుగా ఆమే, ఉద్యోగంలోనూ ఎదురుగా ఆమే. ఆ నోటి నుంచి తప్పించుకునే చోటు నాకు ఎక్కడా ఉండేది కాదు.

స్టోరు నుంచి వచ్చే చీపుర్లు ఆమెకు ఆనేవి కావు. "ఇవి చీపుర్లా, బొమ్మల పెళ్ళికి విసనకర్రలా?" అని పక్కన పారేసేది. పట్టాల పక్కన పెరిగే పొడుగు గడ్డిని తనే కోసి, ఎండబెట్టి, దులిపి, గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా కలిపి చీపురు కట్టుకునేది. మొదలు దగ్గర బిగించి కట్టడానికి పాత ఎర్రజెండా గుడ్డ. జెండా చిరిగి పనికిరాకుండా పోతే స్టేషన్ మాస్టారు దాన్ని వదినకే ఇచ్చేవారు. ఆమె దాన్ని సన్నటి పీలికలుగా చింపి దాచుకునేది. ఆ ఎర్ర ముడి చూస్తేనే అది ఎవరి చీపురో అందరికీ తెలిసిపోయేది. వేరెవరూ దాన్ని ముట్టుకునే సాహసం చేయలేదు, ముట్టుకుంటే ఊడ్చాల్సివస్తుందన్న భయం కూడా ఉందనుకోండి.

ఆమె పుణ్యాన మా స్టేషన్‌కు శుభ్రతా షీల్డు ఏటేటా వచ్చేది. మాస్టారి గది గుమ్మం పైన మేకుకు వేలాడుతూ ఉండేది. వదిన దాన్ని వారానికోసారి దింపి తుడిచేది. నేను తుడుస్తానంటే, "నీకు మూలలు కనపడవు అమ్మడూ" అనేది. ఏభై దాటిన నన్ను ఇప్పటికీ అమ్మడూ అంటుంది!

ప్లాట్‌ఫారం చివర, పైకప్పు ఆగిపోయి ఆఖరి దీపస్తంభం నిలబడిన చోట, ఒక మట్టిగట్టు ఉంది. దాని మీద ముళ్ళపొదలు, రెండు వంకర చెట్లు. పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉందనగా ఆ గట్టు దగ్గరే వదినకు కొత్త శత్రువులు పుట్టారు. రోజూ పొద్దున్నే చూస్తే గట్టు నుంచి ప్లాట్‌ఫారం మీదికి బుట్టెడు మట్టి, దాని పక్కన నలిగిన పాత గడ్డి కుప్ప. ఊడిస్తే మర్నాడు మళ్ళీ అంతే. వదిన అగ్గి మీద గుగ్గిలం అయిపోయింది.

"ఎవడో కావాలనే చేస్తున్నాడు. నా షీల్డు మీద కన్నేశాడు."

"నీ షీల్డు ఎవడికి కావాలి వదినా? తింటే ఆకలి తీరుతుందా?"

"నీకేం తెలుస్తుంది? పక్క స్టేషన్ వాడు నాలుగేళ్ళుగా రెండో స్థానంలో కుళ్ళుతున్నాడు!"

దొంగను పట్టుకోవాలని ఒక సాయంత్రం ఆఖరి బెంచీ మీద కాపుకాసింది. తోడు రమ్మని నన్నూ కూర్చోబెట్టింది. ఎండ తగ్గింది కానీ వెలుతురు ఇంకా బాగానే ఉంది. గట్టు మీది పొదలు కదిలాయి. ముందు ఒక ముక్కు బయటికొచ్చి గాలిని అటూ ఇటూ వాసన చూసింది. ఆ తర్వాత తల వచ్చింది. తెల్లటి తల, రెండు కళ్ళ మీదుగా చెవుల దాకా రెండు నల్లటి పట్టీలు. వెనకే బూడిదరంగు ఒళ్ళు, బొద్దుగా, పొట్టి కాళ్ళతో. నేను కుక్కపిల్లేమో అనుకున్నాను, తర్వాత ఎలుగుపిల్లేమో అనుకున్నాను. అది నేలలో బొరియ తవ్వుకుని బతికే బ్యాడ్జర్ అనే జంతువని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం వదిన, "ఏమిటే ఈ చారలమొహం?" అంది, ఆ పేరే స్థిరపడిపోయింది.

చారలమొహం గట్టు కింద ఎండుగడ్డి పోగుచేసింది. మోపులా చేసి గడ్డం కిందా ముందు కాళ్ళ మధ్యా ఇరికించుకుంది. ఆపైన వెనక్కి తిరగకుండా, వెనక్కి వెనక్కే నడుస్తూ, ఒక్క పరక జారనీయకుండా గట్టెక్కి, పిరుదులు ముందుగా బొరియలోకి దిగిపోయింది. కాసేపటికి లోపలి నుంచి నలిగిన పాత గడ్డి బయటికి వచ్చి పడింది. దాని వెనకే రెండు పిల్ల చారలమొహాలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ వచ్చాయి.

నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. వదిన మాత్రం ముక్కున వేలేసుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మడూ, అది పక్కబట్టలు మారుస్తోందే" అంది చివరికి. "పాతవి తీసేసి కొత్తవి పరుస్తోంది. మన ఇంట్లో మీ అన్నయ్యకు దుప్పటి మార్చమని ఎన్నిసార్లు చెప్పాలి?"

అంతే. శత్రుత్వం ఆ సాయంత్రంతో సరి. మర్నాటి నుంచి వదిన ఆ కుప్పను తిట్టకుండా ఊడ్చింది. "రాత్రంతా వాళ్ళు లోపల ఊడ్చుకున్నారు, పగలు నేను బయట ఊడుస్తున్నాను, ఎవరి డ్యూటీ వాళ్ళది" అనేది. గట్టుకు దూరంగా అవి చిన్న చిన్న గుంటలు తవ్వుకుని, దొడ్డికి అక్కడికే వెళ్తాయని కూడా కనిపెట్టింది. ఆ సంగతి స్టేషన్లో మగవాళ్ళందరికీ విడివిడిగా చెప్పి, మరుగుదొడ్డి వైపు చూపించి వచ్చింది.

వేసవి మొదట్లో పైనుంచి ఒక కబురు వచ్చింది. గట్టు తవ్వేసి, అక్కడ సామాన్ల షెడ్డు కడతారట. అయితే తవ్వేముందు జంతువుల సర్వే చేయాలి, అది చట్టం. ఆ పని మీద ఒక కుర్ర సర్వేయరు వచ్చాడు. మోకాళ్ళకు మట్టి, మెడలో దుర్భిణి, మాట మెత్తన. కిటికీ దగ్గర నిలబడి నాకు చాలా విషయాలు చెప్పాడు. ఆ బొరియ ఒక గది కాదట, నేల కింద దారులూ గదులూ ఉన్న పెద్ద ఇల్లట. తాతల కాలం నుంచి ఒకే కుటుంబం అందులో కాపురం ఉండొచ్చట. చలికాలం చివర లోపలే పిల్లలు పుడతాయట. కళ్ళు అంత చురుకు కావు, బతుకంతా ముక్కు మీదే. ఎక్కువగా తినేది వానపాములు. "అవి ఉంటున్న బొరియను ఎవరూ తవ్వకూడదండీ, మూయకూడదు కూడా. ఖాళీ అయితే మాత్రం తవ్వుకోవచ్చు. ఉన్నాయో లేవో తేల్చడమే నా పని" అన్నాడు.

ఆ రోజు వదినకు వారపు సెలవు. మాకు కనిపించిన చారలమొహాల సంగతి నేను చెబితే అతను సంతోషించాడు కానీ, "మాట చాలదండీ, గుర్తులు కావాలి" అన్నాడు. ప్రతి బొరియ మూతి దగ్గరా సన్నటి పుల్లలు వరసగా నిలబెట్టాడు. ముందర మెత్తటి ఇసుక పరిచి చదును చేశాడు. మళ్ళీ వస్తానని చెప్పి, తర్వాతి బండికి వెళ్ళిపోయాడు.

మర్నాడు వదిన ఆ పుల్లలు చూసి మురిసిపోయింది.

"చూశావా, ఎంత మంచివాడో! పసిపిల్లలు పట్టాల మీదికి పోకుండా చిట్టి కంచె కట్టి వెళ్ళాడు!"

నేను టికెట్లు కొడుతూ "ఊఁ" అన్నాను. ఆ పూట వరసలో సగం ఊరు నిలబడి ఉంది, ఆమె ఏమందో నా చెవిన పడితే కదా.

సర్వేయరు తిరిగి వచ్చిన రోజు మాకు బాగా గుర్తు. గట్టు దగ్గర చాలాసేపు వంగి వంగి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని మొహం వాడిపోయి ఉంది. మాస్టారితో అన్నాడు: "ఖాళీ అండీ. ఒక్క పుల్ల కూడా పడలేదు. ఇసుక మీద ఒక్క అడుగు లేదు. బయట గడ్డి లేదు, వెంట్రుక లేదు. ఎప్పుడో వదిలేసి పోయినట్టున్నాయి. సోమవారం మిషన్ వస్తుంది, తవ్వుకోమని రాసేస్తాను."

పక్కనే గుమ్మం తుడుస్తున్న వదిన చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఖాళీ ఏంటి నాయనా? నిన్న సాయంత్రం కూడా పిల్లలు ఆడుకున్నాయి! పుల్లలు పడకపోవడమేంటి, రోజూ పడిపోతూనే ఉన్నాయి. నువ్వు కష్టపడి కట్టిన కంచె కదా అని రోజూ పొద్దున్నే నేనే తిన్నగా నిలబెడుతున్నాను. ఇసుక మీద కాళ్ళ మచ్చలు పడితే అవీ చక్కగా ఊడ్చేస్తున్నాను. నీ పని ఎంత నీటుగా ఉంచానో చూడలేదా?"

సర్వేయరు మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు. ఆ పుల్లలు ఎందుకు పెట్టాడో అతను వివరంగా చెబుతుంటే, వదిన మొహంలో రంగు మారిపోవడం నేను చూశాను.

"అయితే వాళ్ళ కొంప ముంచింది నేనేనా?" అంది.

అతను మంచివాడే. "మీ మాట నేను నమ్ముతానమ్మా. కానీ పైవాళ్ళకు నా కళ్ళతో చూసిన గుర్తు చూపించాలి. ఈ సాయంత్రం నేనే కూర్చుంటాను. కనిపిస్తే గొడవే లేదు" అన్నాడు.

వదిన ప్రాణం లేచొచ్చింది. అతిథి వస్తాడు, గట్టు దగ్గర కూర్చుంటాడు, పైగా చదువుకున్నవాడు. ఇంక ఊరుకుంటుందా! మధ్యాహ్నమంతా ఆ చివర కడిగింది. బెంచీ కడిగింది, దీపస్తంభం కడిగింది, గట్టు అంచు దాకా సీసా నిండా ఫినాయిల్ కుమ్మరించింది. సాయంత్రం సర్వేయరు వచ్చి కూర్చుని, ఒకసారి గాలి పీల్చి, కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, వాటికి ముక్కే సర్వస్వం అని చెప్పాను కదా..."

ఆ సాయంత్రం ఒక్క ఆకు కదల్లేదు. చీకటి పడేదాకా ముగ్గురం బొమ్మల్లా కూర్చున్నాం. లేచేటప్పుడు వదిన తన మీద తనకే ఒళ్ళు మండి, చీపురును గట్టు అడుగుకు విసిరికొట్టింది. నాకు తెలిసి ఆమె చీపురును నేలకు కొట్టడం అదే మొదటిసారి.

సర్వేయరు మళ్ళీ పుల్లలు నిలబెట్టాడు, ఇసుక చదును చేశాడు. ప్లాట్‌ఫారం మీద దీపస్తంభం దగ్గర సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. "సోమవారం పొద్దున్న మిషన్‌తో పాటే వస్తాను. అప్పటి దాకా ఈ గీత దాటి ఎవరూ వెళ్ళొద్దు, ముఖ్యంగా మీరు. అప్పటికీ ఏ గుర్తూ లేకపోతే నేనేం చేయలేనమ్మా" అన్నాడు.

"నా చీపురు అవతల ఉండిపోయింది బాబూ."

"ఉండనివ్వండి."

అప్పటి నుంచి మా వదిన పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు. గాలికి ఎండుటాకులు వచ్చి గీత అవతల పడ్డాయి. ఎవరో ప్రయాణికుడు తిన్న బిస్కెట్ కాగితం ఎగిరివచ్చి అక్కడే చతికిలపడింది. వదిన వేరే చీపురుతో గీత దాకా ఊడ్చి, అక్కడ ఆగి, ఆ కాగితం వంక కళ్ళప్పగించి చూసేది. చేతులు వాటంతటవే ముందుకు పోతుంటే, చీపురు నాకిచ్చి నడుము మీద చేతులు పెట్టుకునేది. పుల్లలు మాత్రం రోజూ నిలబడే ఉన్నాయి. దూరం నుంచి చూసి, "పోయాయే అమ్మడూ. నా కంపు భరించలేక పిల్లల్ని నోట కరుచుకుని వెళ్ళిపోయాయి" అనేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలికేది. మా అన్నయ్య తనంతట తనే దుప్పటి మార్చాడు, ఆమె గమనించను కూడా లేదు. అది చూశాక నాకు నిజంగా భయమేసింది.

ఇవన్నీ చాలవన్నట్టు, శనివారం షీల్డు తనిఖీ అధికారి వచ్చి పడ్డాడు. అంతా చూసి, మెచ్చుకుంటూ వచ్చి, సుద్దగీత దగ్గర ఆగాడు.

"ఇదేంటి? ఈ చెత్త ఏంటి? చీపురు కూడా చెత్తలోనే పడేశారు?"

మాస్టారు వదిన వైపు చూశారు. నేను కిటికీ వదిలి పరిగెత్తుకొచ్చాను. వదిన ఇప్పుడు ఒక్క నిమిషంలో ఊడ్చేయొచ్చు, అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు. ఉద్యోగంలో ఆమెకు అదే ఆఖరి షీల్డు.

"అది నేను ఊడ్వనండీ" అంది వదిన. "అక్కడ ఒక కుటుంబం ఉంది. వాళ్ళు ఉన్నారని తేలేదాకా అది అలాగే ఉంటుంది."

అధికారి అటూ ఇటూ చూశాడు, ఏ కుటుంబమూ కనపడలేదు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. వదిన తిన్నగా మాస్టారి గుమ్మం దగ్గరికి వెళ్ళి, షీల్డును ఆఖరిసారి తుడిచి, మూలలు కూడా తుడిచి, దింపేసి బల్ల మీద పెట్టింది. ఆ షీల్డు అంటే నాకు ఎప్పుడూ పెద్ద లెక్క లేదు. కానీ ఆ రోజు ఆమెను చూస్తే నాకు చెప్పలేనంత గర్వమేసింది. అదే మాట ఆమెతో అంటే, "పోవే, టికెట్లు కొట్టుకో" అంది.

ఆదివారం మబ్బు పట్టింది, సాయంత్రానికి వాన మొదలై, రాత్రంతా దంచి కొట్టింది.

సోమవారం పొద్దున్న మేం స్టేషన్‌కు వెళ్ళేసరికి పసుపుపచ్చ మిషన్ గట్టు ముందు నిలబడి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. డ్రైవరు కింద దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు, "ఏమయ్యా, ఎందుకాపావు?" అని అడుగుతున్నారు.

"ఎర్రగుడ్డ కనిపించిందండీ. రైల్వేవాళ్ళ జాగాలో ఎరుపు చూశాక ముందుకెళ్ళి ఉద్యోగం పోగొట్టుకోమంటారా? ఎవరు పెట్టారో వాళ్ళనే తీయమనండి."

గట్టు మీద, పెద్ద బొరియ మూతి దగ్గర, తడిసిన ఎర్ర పీలిక ఒకటి వేలాడుతోంది.

అప్పుడే బండి దిగిన సర్వేయరు పరుగున వచ్చాడు. గీత దాటి, మోకాళ్ళ మీద కూర్చుని, తడి ఇసుకను చూశాడు. ఐదేసి వేళ్ళు ఒకే వరసలో, వాటి ముందు పొడుగు గోళ్ళ గాట్లు. పెద్దవి, పక్కనే చిన్నవి. పుల్లలన్నీ కిందపడి ఉన్నాయి. గట్టు అడుగు నుంచి బొరియ దాకా గడ్డిపరకలు దారి పొడుగునా రాలి ఉన్నాయి. వదిన విసిరికొట్టినప్పుడే ముడి సడలిన ఆ చీపురు ఇప్పుడు అక్కడ లేదు. మొత్తం ఊడదీసి మోపులు కట్టుకుని, వెనక్కి వెనక్కే నడుస్తూ ఇంట్లోకి చేరవేసుకున్నారు. ఎర్ర పీలిక ఒక్కటి గుమ్మం దగ్గర ముల్లుకు చిక్కుకుంది.

"వాన మీ ఫినాయిల్‌ను కడిగేసిందమ్మా, వానపాములు పైకి వచ్చాయి. ఇంక లోపల ఎవరు కూర్చుంటారు?" అన్నాడు సర్వేయరు. వరసగా ఫోటోలు తీశాడు. "పక్క కూడా పరుచుకున్నాక ఇంకేం గుర్తు కావాలి?"

వదిన గీత దగ్గరే నిలబడి ఉంది. ఎవరూ వద్దనకపోయినా దాటలేదు. ఏడుస్తోంది, నవ్వుతోంది, మధ్యలో తిడుతోంది. "దొంగ వెధవల్లారా, నా చీపురే దొరికిందా మీకు? ఎంత మంచి గడ్డి ఏరి కట్టాననుకున్నారు!" అంటూ ముక్కు చీదింది. తర్వాత నా వైపు తిరిగి, చెవిలో, "మంచి గడ్డి కాబట్టే తీసుకెళ్ళారులే" అంది.

షెడ్డును యార్డుకు అవతలి పక్కకు మార్చారు. గట్టు చుట్టూ కంచె వేసి, కింద చారలమొహాలు ముక్కుతో నెట్టుకుని వెళ్ళేలా ఒక చిన్న ఊగే తలుపు పెట్టారు. ఆ ఏడు షీల్డు పక్క స్టేషన్‌కు వెళ్ళింది. ఖాళీ మేకుకు మాస్టారు ఆ ఎర్ర పీలికను కడిగి, ఆరబెట్టి కట్టారు. తనిఖీకి వచ్చిన ప్రతివాళ్ళూ అదేమిటని అడగడం, ఆయన మొదటి నుంచీ చెప్పుకురావడం మామూలైపోయింది. ఆ చెప్పడంలో ఆయన పాత్ర ఏడాదికేడాది పెరుగుతోందనుకోండి.

వదిన పదవీ విరమణ రోజున అందరూ ఆమెకు శాలువా కప్పారు, మాటలు చెప్పారు. ఆమె మాట్లాడమంటే, "ఆ మూల కుర్చీ కింద కాగితం ఉంది, ఎవరైనా తీయండి" అని కూర్చుంది. సభ అయ్యాక నన్ను లాక్కుని ఆఖరి బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. చేతిలో తను కట్టిన చివరి చీపురు. కూర్చుని, ఎర్ర ముడి విప్పి, పీలికను బొడ్లో దోపుకుంది. గడ్డిని మరోసారి శుభ్రంగా దులిపి, ఆ చిన్న తలుపు ముందు కుప్పగా పోసింది.

"ముడి విప్పి ఇస్తే వాళ్ళకు పని తేలిక" అంది.

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి వెళ్ళగానే ముందు అక్కడికే వెళ్ళి చూశాను. ఒక్క పరక మిగల్లేదు. వెంటనే ఇంటికి ఫోను చేసి వదినకు చెప్పాను.

"మొత్తం తీసుకున్నారా?" అంది.

"మొత్తం."

"మరి ఆ తలుపు ముందు మట్టేమైనా పడిందా?"

"పడింది వదినా."

"ఊడ్వకు" అంది మా వదిన. "అలాగే ఉండనీ."